ఉల్లిగాడి నలభై రోజులు

రోజు 1

పైనించి సరుకుల పెట్టె దిగిన రోజు వార్డు పుస్తకంలో రాసేది రెండే ముక్కలు. పెట్టె దిగింది, సరుకు సరిపోయింది. అది వార్డు పెద్ద వీర్రాజు గారు రాస్తారు. ఈ పుస్తకం మాత్రం నా సొంతం, ఇందులో ఉన్నదున్నట్టు రాసుకోవచ్చు. సరుకు సరిపోలేదు. ఒకటి ఎక్కువొచ్చింది.

ఉల్లిపాయల బస్తా కదిలింది. ఎలుకేమో అనుకుని చీపురు పట్టుకుని మూతి విప్పాను. కుక్కపిల్ల. గోధుమరంగు ఒళ్ళు, ఒక చెవి నిలబడి, ఇంకో చెవి పడుకుని ఉంది. పైన రేవులో ఏ తల్లికుక్క బస్తాల మధ్య ఈనిందో, కూలీలు చూసుకోకుండా మూతి కుట్టేసినట్టున్నారు. పొద్దుటి నించి ఉల్లిపాయల మధ్య కూర్చుని ఇరవై బారల లోతుకి దిగొచ్చింది పాపం. జాలేసి, ఎత్తి నేలమీద పెట్టాను. ఇరవై ఆరేళ్ళుగా నేల మేస్త్రిని, ఆ మాత్రం తెలియొద్దూ నాకు? నాలుగడుగులు వేసింది, వాసన చూసింది, కూర్చుంది.

నేల కూసింది.

మా నెత్తిమీద ఉన్నది సముద్రం. అది లోపలికి రావాలనుకుంటే ముందు నేలనే తడుపుతుంది. అందుకే మా ఊరు అడుగుపేటలో ప్రతి వార్డు నేల కిందా తీగలు పరిచి ఉంటాయి. మూడో వార్డు తీగలు నావి. బిందెడు మంచినీళ్ళు ఒలికినా అవి పట్టించుకోవు, గరిటెడు ఉప్పునీళ్ళు తగిలితే చాలు, వార్డంతా అదిరేలా కూస్తాయి. ఉప్పుకూత వినపడగానే అరవై ముగ్గురం చేతిలో పని చేతిలోనే వదిలేసి పెద్ద తలుపు దగ్గరికి పరిగెత్తాలి. ముందున్నవాళ్ళ భుజం మీద చెయ్యేసి ఎవరి పేరు వాళ్ళు గట్టిగా చెప్పాలి. నాలుగు నిమిషాల్లో అరవై మూడు పేర్లూ వినపడాలి. సముద్రపుప్పుకీ ఒంట్లోంచి వచ్చే ఉప్పుకీ నా తీగలకి తేడా తెలియదు. ఆ సంగతి ఇవాళ వార్డంతటికీ మళ్ళీ గుర్తొచ్చింది.

పేర్లయ్యాక వీర్రాజు గారు నా చేతిలోకి చూశారు.

"ఏంటండీ నూకరత్నం గారూ ఇది?"

"కుక్కపిల్లండి."

"అది కనపడతందండి. ఇక్కడెందుకుందీ అని."

పెట్టె మళ్ళీ పైకి వెళ్ళేది నలభయ్యో రోజున. అప్పటిదాకా ఎవరో ఒకరు చూసుకోవాలి. అందరూ నా వైపే చూశారు. నేల తడిపేదాన్ని నేల చూసుకునేదానికి అప్పగించడం వాళ్ళకి మహా న్యాయంగా తోచింది.

గదికి తెచ్చాను. మేం ఉండేది ఇద్దరం, నేనూ మా అక్క అచ్చియ్యమ్మా. అక్కకి అరవై ఎనిమిదేళ్ళు. ఈ వార్డులో సగంమందికి అక్షరాలు దిద్దించింది, వీర్రాజు గారితో సహా. అలాంటి మనిషి ఐదు నెలలుగా కూతకి తప్ప గది దాటడం లేదు. హాల్లో భోజనానికి రాదు, కంచం నేనే తెచ్చిపెడతాను. ఇక్కడ కొందరికి అలా మనసు మూసుకుపోతుంది, గోడచూపు అంటాం దాన్ని. అక్కకీ అదే పట్టుకుందని బెంగపెట్టుకుని ఉన్నాను.

కుక్కపిల్లని ఒళ్ళో పెట్టాను. అది అక్క గడ్డం నాకింది.

"ఒసే నూకా! ఇది ఉల్లిపాయ కంపు కొడతందే!" అని అక్క పకపకా నవ్వింది.

ఐదు నెలల తర్వాత నవ్వింది మా అక్క. నలభయ్యో రోజు పెట్టె పైకి వెళ్తే వెళ్ళనీ, అందులో ఈ కుక్క మాత్రం వెళ్ళకూడదని అప్పుడే అనుకున్నాను.

పేరు ఉల్లిగాడు. అక్క పెట్టింది.

రోజు 2

ఆరు కూతలు. వంటగది దగ్గర ఒకటి, మా గదిలో మూడు, వీర్రాజు గారి గుమ్మంలో ఒకటి, ఆయన కాలిమీద ఒకటి. కాలిమీద పోసింది నేలకి జారేదాకా కూయలేదు, కాబట్టి తీగలు బాగానే పనిచేస్తున్నాయని ఆయనకి చెప్పాను. ఆయనకి అది ఊరటగా అనిపించినట్టు లేదు.

రోజు 3

నడుముకి గుడ్డ కట్టాను. విప్పేశాడు. ఇంకా గట్టిగా కట్టాను. తినేశాడు.

రోజు 4

పైన ఉన్న పశువుల డాక్టరు గారితో తీగ ఫోనులో మాట్లాడాను. హంసవేణి గారని, చిన్నపిల్లలా ఉంది గొంతు.

"సింపులేనండీ. నిద్ర లేవగానే, తినగానే, ఆడుకోగానే బయటికి తీసుకెళ్ళాలి. మిగతా టైంలో రెండు గంటలకోసారి."

"బయటికంటే?"

"బయటికేనండీ. గేటు దాటి."

"గేటు దాటితే సముద్రమండి."

ఈసారి చాలా మర్యాదగా అడిగింది, "మరి మీరందరూ ఎక్కడికెళ్తారండీ?"

"గదిగదికీ దొడ్డి ఉందండి."

"ఐతే వాడిక్కూడా ఒకటి ఏర్పాటు చెయ్యండి. ఎప్పుడూ ఒకటే చోటు ఉండాలి. వాడి వాసన వాడికి అక్కడ తగలాలి. మిగతాచోట్ల ఆ వాసన లేకుండా కడిగెయ్యాలి. తప్పు చేస్తే తిట్టొద్దు, కొట్టొద్దు, ముక్కు నేలకి రుద్దడం లాంటివి అసలొద్దు. సరైన చోట పోస్తే మాత్రం అక్కడికక్కడే మెచ్చుకోండి, అయిదు నిమిషాలాగి మెచ్చుకుంటే దేనికో వాడికి అర్థం కాదు."

"ఎన్నాళ్ళు పడుతుందండి?"

"ఓపికను బట్టండి."

వాడి ఓపికా నా ఓపికా అని అడగబోయేలోపు ఫోను తెగిపోయింది.

రోజు 5

మా వార్డులో నేలమీద ఏదీ పరవకూడదు. చాప, గోనె, బొంత, ఏదైనా సరే. పరిస్తే దాని కింద తడి చేరినా తీగకి తెలియదు. ఇరవై ఆరేళ్ళలో ఎంతమంది చాపలు లాగేసి చివాట్లు పెట్టానో లెక్కలేదు. ఇప్పుడు కుక్క కోసం నేనే పరుస్తానా? నాలుగు కాళ్ళ పీట చేశాను, నేలకి జానెడెత్తున. చుట్టూ అంచు, ఎక్కడానికి చిన్న వాలుబల్ల. పైన గడ్డి పోద్దామనుకున్నాను. గడ్డెక్కడిది? మేం సముద్రపు నాచు పెంచే తోటలోంచి కాస్త తెచ్చి, ఉప్పు పోయేదాకా కడిగి ఎండబెట్టి పోశాను.

ఉల్లిగాడు వాలుబల్ల ఎక్కాడు. నాచు వాసన చూశాడు. తిన్నాడు. దిగి వచ్చి నా పాదాల దగ్గర కక్కాడు.

నేల కూసింది.

రోజు 9

ఇవాళ తల కొట్టుకున్నాను.

తొమ్మిది రోజులుగా వాడు నేర్చుకోవడం లేదనుకుంటున్నాను. నేర్చుకున్నాడు. శుభ్రంగా నేర్చుకున్నాడు. పొద్దున గదిలో నేను తీగలు చుడుతున్నాను, అక్క కళ్ళజోడు వెతుక్కుంటోంది, వాడితో ఎవరూ ఆడటం లేదు. వాడు గది మధ్యకి నడిచాడు. నా కళ్ళలోకి చూశాడు. కూర్చుని పోశాడు. నేల కూయగానే తోక ఊపుకుంటూ నాకన్నా ముందు పెద్ద తలుపు దగ్గరికి పరిగెత్తాడు.

వాడి లెక్కేంటంటే, చుక్క పోస్తే చాలు, అరవై ముగ్గురు చుట్టాలు పరిగెత్తుకుంటూ వచ్చి వరసగా నిలబడతారు. పేర్లు చెప్పుకుంటారు. అయ్యాక "ఏరా ఉల్లీ" అని ప్రతివాళ్ళూ తలమీద ఓ దెబ్బ వేసి పోతారు. ఇంతకన్నా పండగేముంది కుక్కకి? మొత్తం వార్డుని మేమే వాడి చేతికిచ్చి, మీట ఎక్కడుందో కూడా చూపించాం.

అక్కతో చెప్తే కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. తర్వాత పంతులమ్మ గొంతుతో అంది. "అల్లరి చేసేవోడి వైపు క్లాసంతా తిరిగి చూసిందనుకో, వోడు జన్మలో మానడు. వరసలో ఉన్నప్పుడు వీణ్ణి ఎవరూ చూడొద్దని చెప్పు. తల కూడా నిమరొద్దని చెప్పు."

చెప్పాను. ఒప్పుకున్నారు. అరవై ముగ్గురిలో నలభైమంది పాటించారు, మిగతావాళ్ళు ఎవరూ చూడనప్పుడు నిమిరారు.

రోజు 14

నవ్వులాట అయిపోయింది.

మధ్యాహ్నం కూత మోగితే వరస పూర్తవడానికి ఏడు నిమిషాలు పట్టింది. నాలుగులో కావాల్సింది. అల్లిక గదివాళ్ళు అల్లుతున్న వరస ముగించుకుని తీరిగ్గా నడిచొచ్చారు. వంటగదిలోంచి ఒకావిడ పోపు వేసి మరీ వచ్చింది. అడిగితే అందరిదీ ఒకటే మాట, "కుక్కే కదా."

వీర్రాజు గారు అరవలేదు. అరిస్తే బాగుండేది.

"అయిదో వార్డులో కూడా అలాగే అనుకున్నారండి. తీగ పాడైంది కదా, రోజూ కూస్తంది కదా అని. నిజంగా నీరొచ్చి తలుపు మూసేసరికి ఎనిమిదిమంది అవతలే ఉండిపోయేరు. మా బావమరిది ఉన్నాడందులో."

ఆయన పుస్తకం తెరిచి రాశారు. ముప్ఫయ్యో రోజు నించి ముప్ఫై తొమ్మిదో రోజు దాకా లెక్క. ఆ పది రోజుల్లో కుక్క వల్ల మూడు కూతలు వస్తే కుక్క పెట్టెలో పైకి వెళ్తుంది. రాకపోతే ఇక్కడే ఉంటుంది. మనుషులకి ఉన్న కట్టుబాటే, కొత్తదేం కాదు. మనిషి వల్ల ఏడాదిలో మూడు కూతలొస్తే ఆ మనిషిని పైకి పంపేస్తారు.

ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు.

రోజు 19

పీటమీద పోశాడు!

పొద్దున లేచి ఆవులించగానే నేను ఎత్తుకుని పరిగెత్తి పీటమీద పెట్టాను. అంతకుముందు వాడు తడిపిన గుడ్డముక్క ఒకటి, అక్క చెప్పినట్టు, నాచులో దాచి ఉంచాను. వాడు వాసన చూశాడు. ఒక చుట్టు తిరిగాడు. రెండో చుట్టు తిరిగాడు. కూర్చున్నాడు. నేల కూయలేదు.

అక్క చప్పట్లు కొట్టి "నా బంగారుకొండ! నా రాజా! ఎంత బాగా పోసేవురా!" అని ఎండు నెత్తళ్ళు రెండు నోట్లో పెట్టింది. నాకు జీవితంలో ఏ పరీక్షలోనూ అంత మెప్పు రాలేదు, అదీ ఈ పంతులమ్మ చేతిలో. కుళ్ళుకున్నానని రాసుకోవడానికి సిగ్గేం లేదు.

రోజు 27

ఎనిమిది రోజుల్లో రెండే కూతలు, రెండూ నా ఆలస్యం వల్లే. వాడు మూలల్లో వాసన చూస్తూ గిరగిరా తిరిగితే అదే కబురు, ఆ క్షణంలో ఎత్తుకోవాలి. నేను ఒంగి లేచేలోపు వాడి పని అయిపోతోంది. యాభై ఆరేళ్ళ మోకాళ్ళు ఇవి, వాటి తప్పేం లేదు.

రోజు 32

ఇది రాయాలా వద్దా అని పుస్తకం తెరిచి మూశాను. రాస్తాను.

ఇవాళ నాచు తోటలో తీగలు చూడాల్సి వచ్చింది. రెండు గంటల పని. అక్క కునుకు తీస్తోంది, వాణ్ణి వదిలితే ఎత్తుకునేవాళ్ళుండరు. తోటలోకి జంతువుని తేకూడదు, అయినా పనిముట్ల సంచీలో పెట్టుకుని తీసుకెళ్ళాను. బుద్ధిగా పడుకున్నాడు.

నేల కూసింది. కూత ఎక్కడిదో చూపించే పలక మీద చూశాను. మూడో వార్డు, పదకొండో గది. మా గది.

పరిగెత్తాను. వరసలో నిలబడ్డాను. నా ముందున్నావిడ వెనక్కి తిరిగి "ఉల్లిగాడేనా?" అని నిట్టూర్చింది. ఉల్లిగాడు సంచీలోంచి నా నడుముకి వెచ్చగా తగులుతున్నాడు. అందరికన్నా ఆఖర్న అక్క వచ్చింది, గోడ పట్టుకుంటూ. అరవై మూడో పేరు అక్కదే.

వీర్రాజు గారు పుస్తకం తీసి అడిగారు, "కుక్కేనాండీ?"

"అవునండి," అన్నాను. సంగతి నాకు పూర్తిగా అర్థం కాకముందే నోట్లోంచి అబద్ధం వచ్చేసింది. ఆయన కుక్క పేరు మీద ఒకటి వేశారు.

గదికి వెళ్ళేసరికి అక్క మోకాళ్ళమీద కూర్చుని నేల తుడుస్తోంది. చీర మార్చుకుంది.

"ఉల్లిగాడేనే," అంది నా వైపు చూడకుండా. "నేను కునుకు తీస్తంటే వచ్చి, ఇదిగో ఇక్కడ..."

ఉల్లిగాడు సంచీలోంచి తల బయటపెట్టి భౌ అన్నాడు. దూకి వెళ్ళి అక్క చేతిలోని తడిగుడ్డ లాగడం మొదలుపెట్టాడు.

అక్క గుడ్డ వదిలేసింది. నేనూ పక్కనే కూర్చున్నాను.

"ఎన్నాళ్ళ నించి అక్కా?"

"ఏడెనిమిది నెలలవుతందే. దగ్గినా అంతే, నవ్వినా అంతే, గమ్మున లేచినా అంతే."

హాలుకి ఎందుకు రావడం లేదో అప్పుడర్థమైంది నాకు. గోడచూపు కాదు, ఏమీ కాదు. నేలంటే భయం. పాత చీరలు చింపి గుడ్డలు కట్టుకుంటోందిట. పైనించి దళసరి గుడ్డలు తెప్పించుకుందామంటే పెట్టె జాబితాని హాల్లో పైకి చదువుతారు, ఎవరికేం కావాలో అందరూ వింటారు. కుక్క రాకముందు మా గదిలో రెండుసార్లు నేల కూసింది. తీగ పాతబడిందనుకుని మార్చాను నేను. బంగారంలాంటి తీగ, పారేశాను.

"నాకైనా చెప్పొచ్చు కదా," అన్నాను.

"నువ్వు నేల మేస్త్రివి కదే," అంది అక్క.

ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఉల్లిగాడు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి నాకాడు.

రోజు 33

సూరన్న గురించి మాట్లాడుకున్నాం. పైపులు చూసేవాడు, డెబ్భై ఏళ్ళు. కిందటేడు మూడో కూత అతని మంచం కింద మోగింది. పెట్టెలో ఎక్కించిన రోజు తలుపు పట్టుకుని వదల్లేదు, వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది. ఆ మంచం కింద తీగ సరిచేసి, అంతా బాగానే ఉందని సంతకం పెట్టినదాన్ని నేనే.

"నన్నూ అలాగే పంపేస్తారే," అంది అక్క. "పైన నాకెవరున్నారు? ఆ ఎండల్లో రెండు రోజులు బతకను."

"ఎవరూ పంపరు. డాక్టరు గారేం చెప్పింది? లేవగానే, తినగానే, మిగతా టైంలో రెండు గంటలకోసారి. తిట్టొద్దు. వాడు నేర్చుకున్నాడు కదా?"

అక్క నన్ను ఎగాదిగా చూసింది. "ఒసే, నన్ను కూడా కుక్కపిల్లని చేసేవేంటే!"

"నువ్వు నాచు తినవుగా. నీతో ఇంకా తేలిక."

చేతిలో ఉన్న దువ్వెన విసిరింది. తగల్లేదు. కానీ తర్వాతి రెండు గంటలయ్యాక, ఉల్లిగాడు పీట వైపు నడుస్తుంటే అక్క కూడా లేచి దొడ్డి వైపు నడిచింది. వచ్చాక ఏం అనాలో నాకు తోచలేదు. చప్పట్లు కొడితే చంపుతుంది. ఎండు నెత్తళ్ళు రెండు కంచంలో పెట్టి ఇచ్చాను. రెండూ తినేసింది.

రోజు 36

నాలుగు రోజులుగా మా గదిలో నేల పొడి. ఇద్దరి వేళలూ కలిసిపోయాయి. ఉల్లిగాడు లేస్తే అక్క లేస్తోంది, అక్క లేస్తే వాడు లేస్తున్నాడు. అక్క ఇవాళ హాల్లో భోంచేసింది. ఐదారు నెలల తర్వాత అందరి మధ్యా కూర్చుని, చారులో ఉప్పు తగ్గిందని వంటవాళ్ళతో గొడవ కూడా పెట్టుకుంది. చూడటానికి ఎంత బాగుందో!

ఒక్క దెబ్బ మాత్రం తగిలింది. అక్కని చూసిన సంతోషంలో పాత శిష్యురాలొకావిడ ఉల్లిగాణ్ణి ఎత్తి గాల్లో తిప్పింది. ఆ ఆనందానికి వాడు ఆపుకోలేకపోయాడు. నేల కూసింది. కుక్క పేరు మీద రెండోది. ఇంకొక్కటి మోగితే వాడు పైకి.

రోజు 39

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆఖరి రోజు కాబట్టి సాయంత్రం హాల్లో కూర్చోబెట్టారు అందర్నీ. కుక్కని కట్టకుండా, ఎత్తుకోకుండా మీటింగు అయ్యేదాకా నేలమీద వదలాలన్నారు వీర్రాజు గారు. వదిలాను. వాడు ప్రతి బల్ల కిందా దూరి అందరి పాదాలూ పలకరించాడు. వీర్రాజు గారు లేచి నిలబడి గంభీరంగా, "ఈ నలభై రోజుల్లో మనం..." అని మొదలుపెట్టగానే వెనకనించి వెళ్ళి ఆయన పంచె చెంగు పట్టుకున్నాడు. ఆయన ఇటు లాగారు, వాడు అటు లాగాడు. ఆయన ఉపన్యాసం ఆపలేదు, వాడు లాగడం ఆపలేదు. చెంగు కాస్తా వాడి వశమైంది. దాన్ని నోట కరుచుకుని వెళ్ళి అక్క బల్ల కింద కూర్చున్నాడు.

హాలంతా నవ్వులు. అందరికన్నా అక్క నవ్వింది. పొట్ట పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ, తల వెనక్కి వాల్చి నవ్వింది.

నేల కూసింది.

లేచాం, పరిగెత్తాం, పేర్లు చెప్పాం. మూడున్నర నిమిషాలే పట్టింది. పలక అక్క బల్ల ఉన్నచోటు చూపించింది. ఆ బల్ల కింద ఉల్లిగాడు నోట్లో పంచె ముక్కతో, జరిగిందేంటో తెలియక తోక ఊపుతున్నాడు. అందరూ వాణ్ణే చూస్తున్నారు. ఎవరో ఓవైపు అయ్యో అన్నారు.

"మూడోదండి," అన్నారు వీర్రాజు గారు. ఆయన మొహంలో సంతోషం లేదు. "కుక్కేనా రత్నంగారూ?"

అవునంటే వాడు రేపు పెట్టెలో ఎక్కుతాడు. కాదంటే అక్క దాచినవన్నీ బయటపడి, అక్క. నేను నోరు తెరిచాను. ఏం చెప్పడానికి తెరిచానో ఇప్పటికీ నాకు తెలియదు.

"కుక్క కాదు వీర్రాజూ," అంది అక్క. "నేను."

అంతమందిలో తడిచీరతో నిటారుగా నిలబడి ఉంది. "ముప్ఫై రెండో రోజుది కూడా నాదే. వోడి పేరు మీద రాసేవు నువ్వు, అది కొట్టెయ్యి. వోడు రాకముందు మా గదిలో మోగిన రెండూ నావే. అన్నీ రాసుకో. మూగజీవం మీదకి తోసేసి నేనిక్కడ కూర్చోలేను."

వీర్రాజు గారి కలం కదల్లేదు. వెనకనించి ఒకామె అడిగింది. "అలాగైతే అయిదో వార్డు సంగతేంటండీ? రేపు నిజంగా నీరొస్తే?"

"పరిగెత్తండి," అంది అక్క. "ఎవరు తడిపేరో పరిగెత్తేక చూసుకోండి. కుక్కే కదా అని మీరు పోపులేసుకుని నడిచొచ్చేరు చూడండి, కొంప తీసేది అది."

అప్పుడు నాకు నోరొచ్చింది.

"కుక్కకి నలభై రోజులిచ్చామండి," అన్నాను. "పీట చేశాం. ఎండు చేపలు పెట్టి మెచ్చుకున్నాం. తిట్టకూడదని ఒకరికొకరు చెప్పుకున్నాం. నేర్చుకునే దాకా ఓపిక పట్టాం. సూరన్నకి ఏం ఇచ్చాం? మూడు కూతలు లెక్కపెట్టి వేళ్ళు విడదీసి పంపేశాం. రెండు గంటలకోసారి వెళ్ళమని, నేను తోడొస్తానని అతనికి ఒక్కళ్ళం చెప్పామా? నేనూ చెప్పలేదు. మంచం కింద తీగ బాగు చేసి వచ్చేశాను. మా అక్క ఏడు రోజులుగా ఉల్లిగాడి వేళలే పాటిస్తోంది, ఇవాళ నవ్వించారు కాబట్టి గానీ ఏడు రోజులూ నేల పొడిగానే ఉంది. కుక్కకి ఇచ్చిన గడువు మనిషికి ఇవ్వలేమా?"

ఉల్లిగాడు బల్ల కింద పంచె ముక్క నములుతున్నాడు.

వీర్రాజు గారు పుస్తకం దగ్గరికి లాక్కున్నారు. తర్వాత ఒక గీత కొట్టారు. ఒక లైను రాశారు. పైకి చదివారు.

"కుక్క ఉంటుంది. పంతులమ్మగారికి నలభై రోజులు గడువు. ఈ నలభై రోజుల్లో ఎన్ని కూతలొచ్చినా లెక్కలోకి రావు." కాస్త ఆగి, "మనుషుల కట్టుబాటు మళ్ళీ రాసుకుందారండి. తీరిగ్గా."

"గడువు ఇవాళ్టి నించా, రేపట్నించా?" అని అడిగింది అక్క. ఎప్పుడూ అంతే ఈవిడ, ఏదీ సగం వదలదు.

"రేపట్నించండి."

"ఐతే ఇవాళ నన్ను చీర మార్చుకోనీ," అంది. వరసలో ముందున్న ఇద్దరు ఆడవాళ్ళు అక్కకి చెరోవైపూ నిలబడి గది దాకా నడిపించారు. వాళ్ళ వెనక ఉల్లిగాడు.

రోజు 40

పెట్టె పైకి వెళ్ళింది, కుక్క లేకుండా. జాబితా ఆఖర్న దళసరి గుడ్డలని నా చేత్తో రాశాను. హాల్లో చదివేటప్పుడు నేనే చదివాను, గట్టిగా. ఎవరూ నవ్వలేదు. అల్లిక గదిలోంచి ఒకావిడ వచ్చి, ఇంకో రెండు కట్టలు ఎక్కువ రాయమని చెవిలో చెప్పి వెళ్ళింది. సూరన్నకి వార్డు తరఫున జాబు పంపాం, వచ్చేయమని. వస్తాడో రాడో. అతని చోట నేనైతే రాను.

రోజు 41

పొద్దున ఎనిమిదింటికి తలుపు చప్పుడైంది. వీర్రాజు గారు. చేతిలో పుస్తకం లేదు. లోపలికి రమ్మంటే గుమ్మంలోనే నిలబడి ఉల్లిగాడితో మాట్లాడారు, వాడి చెవి గురించి, తిండి గురించి. కొత్త పంచె కట్టుకున్నారు. వాడు దాన్ని ఆశగా చూస్తున్నాడు.

"కూర్చో వీర్రాజూ," అంది అక్క. "మొన్న రాసినదాంట్లో ఏదన్నా తేడా ఉందా?"

"లేదండి పంతులమ్మగారండి." ఆయన బల్ల చివర కూర్చున్నారు. పైకప్పు చూశారు, నేల చూశారు, మళ్ళీ కుక్కని చూశారు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఆ రెండు గంటలకోసారి అన్నది..." అన్నారు చివరికి. "మగాళ్ళకి కూడా పనిచేస్తదాండీ?"

నేను అక్క మొహం చూడలేదు. అక్క నా మొహం చూడలేదు. చూసుకుంటే నవ్వేవాళ్ళం, ఇద్దరం నవ్వడం ఈ గదిలో ఇప్పుడు అంత క్షేమం కాదు.

"ఎందుకు పనిచెయ్యదూ," అంది అక్క, ఒకప్పుడు ఆయనకి పలక మీద అక్షరం దిద్దించినప్పటి గొంతుతో. "ఇక్కడే కూర్చో. ఇవాళ మాతోనే ఉండు."

పది గంటలకి ఉల్లిగాడు నిద్ర లేచి ఒళ్ళు విరుచుకున్నాడు. వాడూ అక్కా వీర్రాజు గారూ, ముగ్గురూ లేచారు.